ఐదు కిర్రులు

ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో
చేతిబ్రేకుతో ఎవరికి పని?
నేలంతా పళ్ళెం మాదిరి చదును.
బండి యాడ ఆపితే ఆడే,
కడుపు నిండిన గేదె లెక్కన.

పడమటికి పోయినప్పుడే చిక్కంతా.
వింజమూరు దాటి, దుత్తలూరు మీదుగా
ఉదయగిరి దగ్గరయ్యేకొద్దీ
రోడ్డు మోకాళ్ళ మీద లేస్తుంది.
ఉప్పో అని కేకేసి బండి ఆపితే
ముందు దిగేది నేను కాదు, రాయి.
రెండేళ్ళుగా సీటు కింద కాపరమున్న నల్లరాయి.
చెంచయ్య దాన్ని సంకన పెట్టుకొని దూకి
వెనక టైరు కింద తోసి
"ఊఁ" అనేదాకా
నా కాలు పెడలు మీంచి లేవకూడదు.

మొన్న "ఊఁ" అన్నాడు. రాయి జారింది.
ముప్పై బస్తాల ఉప్పు
చప్పుడు లేకుండా, ఎంతో మర్యాదగా
వెనక్కి నడిచింది.
నా కాలు పెడలు వెతుక్కునేసరికి
బోండాల బండి దాకా పోయింది.
మూకుడులో నూనె వణికింది, అంతే.
ఆ యమ్మ తిట్టలేదు.
గరిటె పట్టుకొని నా మొహం వంక చూసింది.
తిట్టుంటే బాగుండు.

అందుకే ఇయ్యాల కావలిలో, జిలానీ షెడ్డులో.
ముందు చక్రాలకి చెక్కలు. వెనక జాకీ.
నట్లు విప్పి లాగితే డ్రమ్ము రాదే!
ఉప్పునీళ్ళు కారీ కారీ
ఇనుమూ ఇనుమూ వియ్యమందుకున్నాయి.
బొక్కల్లో రెండు బోల్టులు పెట్టి
ఇటు అరచుట్టు, అటు అరచుట్టు
బిగిస్తా పోయాడు.
ఠప్పుమని ఊడింది.
దుమ్ము ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టి
"ఊదబాకన్నా, ఊపిరితిత్తులు నా కాడ దొరకవు."
మగ్గుతో నీళ్ళు పోసి కడిగాడు.

లైనరు ఏదీ?
రివెట్లు పళ్ళికిలిస్తా ఉండాయి.
డ్రమ్ము లోపల వేలు తిప్పి
"నీలం చూశావా?" అన్నాడు.
"ఇది నిలబడి అరిగింది కాదు.
బ్రేకు దించకుండా తోలావు.
శానా దూరం తోలావు."

పోయిన ఎండాకాలం, ఒక రాత్రి.
కంతు కట్టాలని గొలుసు అడిగా.
సుగుణ మాట్లాడకుండా తీసిచ్చింది.
ఆ మాట్లాడకపోవడమే తగులుకుంది నాకు.
కంచం ముందు నుంచి లేచి
విడవలూరు దాకా తోలా.
బండికి లాగుడు లేదని ఇంజన్ని తిట్టా,
డీజిలు పోసినోణ్ణి తిట్టా.
కాలిన వాసనొస్తా ఉంటే
ఎవరో చేల్లో చెత్త తగలేశారనుకున్నా.
మోచేతి పక్కనే ఉంది
పైకి లాగి దించని కాడ.

జిలానీకి ఇదంతా చెప్పలా.
"మర్చిపోయా" అన్నా.
"ఆఁ, అందరూ మర్చేపోతారు,"
స్ప్రింగు కొక్కెం తగిలిస్తా అన్నాడు.

కొత్త షూలు. గమ్ము వాసన ఇంకా పోలా.
తుప్పుకి బిగుసుకున్న కేబులుకి గ్రీజు పట్టించి
పట్టేసిన మెడ సవరించినట్టు
ముందుకీ వెనక్కీ ఆడించాడు.
పళ్ళచక్రం ఒక్కో పన్నూ జరుపుతా
టైరు తిప్పి చెవి పెట్టాడు.
సన్నగా రాసుకోవాల,
పట్టుకోకూడదు.
"ఇంతే," అన్నాడు. "ఇంతే ఉండాల."

నిన్నటిదాకా పదకొండు కిర్రులు లాగినా గాల్లోనే.
ఇప్పుడు ఐదో కిర్రుకి చెయ్యి ఆగింది.

కాలవ కట్ట ఎక్కే వాలులో పెట్టి చూశాం.
కాడ లాగా. గేరు తీశా.
"కాలు తియ్యి" అన్నాడు జిలానీ.
చెంచయ్య రాయి పట్టుకొని వెనకే ఉండాడు,
వద్దంటే వినడే.
కింద నీళ్ళు పోతా ఉండాయి.
బండి నిలబడింది.
నా కాలే, పెడలు మీంచి జానెడు లేచి
చానాసేపు గాల్లోనే ఉండిపోయింది.

రాయిని మళ్ళీ సీటు కిందే దూర్చాడు వాడు.
ఉండనీ అన్నా.

సుగుణ ఫోను. "అయిందా?"
"అయింది. వస్తా ఉండా."
తాళం తిప్పి, ముందు కాడ దించా.
దించానా అని
చేత్తో ఇంకోసారి తడిమి చూసుకున్నా.